తుపాకులు దిగిన కొండ మీద డేగల లెక్క

హాక్ మౌంటెన్ నార్త్ లుకౌట్‌లో గంట గంటకీ అట్ట మీది కాగితంలో ఒక వరుస నింపుతారు. గాలి ఎటు నుంచి, ఎంత జోరుగా. మబ్బు ఎంత మేర కమ్మింది. చూపు ఎంత దూరం ఆనుతోంది. ఇవన్నీ రాశాకే పక్షుల సంఖ్య. సెప్టెంబరు మధ్యలో మేం వెళ్ళిన రోజు ఆ అట్ట పట్టుకున్న యువతి, కళ్ళ దగ్గర బైనాక్యులర్స్ దించకుండానే అందరి ప్రశ్నలకీ జవాబు చెబుతోంది. ముందు రాత్రి వాన వెలిసి చలిగాలి దిగింది. వాయవ్యపు గాలి. డేగల లెక్కకి ఇంతకంటే మంచి రోజు ఉండదని అక్కడి పాతకాపులు ఉత్సాహంగా ఉన్నారు.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, కెంప్టన్ ఊరి దగ్గర, కిటాటినీ కొండవరుస మీద ఉందీ చోటు. ఎత్తు 1,521 అడుగులు. కింద బండి ఆపి, రాళ్ళూ వేళ్ళూ తొక్కుతూ సుమారు మైలు నడవాలి. పైన కూర్చోడానికి బండలే దిక్కు. న్యూజెర్సీ తెలుగువాళ్ళకి 78వ నంబరు హైవే మీద తేలిగ్గా అందే చోటు కాబట్టి సెలవు రోజుల్లో తెలుగు మాటా వినిపిస్తుంది. ‘అదిగో గద్ద!’ అని ఒక పెద్దావిడ చెయ్యి చూపిస్తే, ‘కాదు అమ్మమ్మా, రాబందు. చూడు, రెక్కలు పైకెత్తి అటూ ఇటూ ఊగుతోంది’ అని మనవరాలు సరిదిద్దింది. పిల్ల చెప్పిందే నిజం.

ఇంత ఎత్తున ఎగిరే పక్షుల రంగులు కనబడవు. పోల్చుకునేది ఆకారంతో, ఎగిరే తీరుతో. నాలుగైదుసార్లు గబగబా రెక్కలాడించి ఒకసారి జారితే చిన్న షార్ప్-షిన్డ్ డేగ. రెక్కలు మణికట్టు దగ్గర విరిచినట్టుంటే కొరమీను గద్ద. బల్ల చెక్కలా రెక్కలు చాచి కదలకుండా వస్తే బాల్డ్ ఈగిల్. బండల మధ్య గడ నాటి దాని చివర ప్లాస్టిక్ గుడ్లగూబను నిలిపారు. పగటిపూట గుడ్లగూబ కనబడితే డేగలకి పడదు. ఒక షార్ప్-షిన్డ్ ఆ బొమ్మ మీదికి దూకి, మన తల వెంట్రుకలు కదిలేంత దగ్గరగా మలుపు తిరిగిపోయింది. పసుపు కన్ను, ఛాతీ మీద గోధుమరంగు చారలు అన్నీ కనిపించాయి. ఆ క్షణం కొండ మీద ఎవరూ మాట్లాడలేదు.

ఈ పక్షులన్నీ ఇదే కొండ మీదుగా ఎందుకు పోతాయంటే, వాయవ్యం నుంచి వీచే గాలి ఈ పొడవాటి కొండకి తగిలి పైకి లేస్తుంది. ఆ లేచే గాలి మీద పక్షి రెక్క ఆడించే పని లేకుండా దక్షిణానికి జారిపోతుంది. దక్షిణ అమెరికా దాకా పోవలసిన బ్రాడ్-వింగ్డ్ డేగలకి ఎండకి వేడెక్కి పైకి లేచే గాలి కూడా కావాలి. వందలకొద్దీ ఒకే సుడిలో గిరగిరా తిరుగుతూ ఎక్కుతాయి. అలా తిరిగేటప్పుడు లెక్కపెడితే తప్పు పోతుంది. పైకి చేరాక ఒకదాని వెనక ఒకటిగా జారే వరస మొదలవుతుంది. అప్పుడు చేతిలోని క్లిక్కర్ టకటకలాడుతుంది. 1978 సెప్టెంబరు 14న ఇక్కడ ఒక్క రోజులో 21,448 బ్రాడ్-వింగ్డ్ డేగలు లెక్కకొచ్చాయి.

పోల్చలేని పక్షి కోసం అట్టలో వేరే గడి ఉంది. చుక్కలా దాటిపోయిన దాన్ని ఊహించి ఏదో జాతిలో కలపరు. ‘గుర్తు పట్టలేదు’ అనే రాస్తారు. ఈ కొండ లెక్కని లోకం నమ్మేది ఆ గడి వల్లనే అనిపించింది.

ఒకప్పుడు ఇవే బండల మీద తుపాకులు ఉండేవి. గోషాక్ అనే డేగను చంపితే 5 డాలర్ల బహుమతి ఇస్తామని పెన్సిల్వేనియా ప్రభుత్వం 1929లో ప్రకటించింది. వేటగాళ్ళకి గోషాక్ ఏదో, మరో డేగ ఏదో పట్టలేదు, వచ్చినదాన్నల్లా కాల్చారు. 1932లో రిచర్డ్ పౌ అనే యువకుడు ఇక్కడికొచ్చి, చచ్చిన పక్షుల్ని నేల మీద వరసగా పేర్చి ఫొటోలు తీశాడు. ఆ ఫొటోల సంగతి తెలిసి న్యూయార్క్‌లోని రోజలీ ఎడ్జ్ నిద్రపోలేకపోయింది. ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడి రాటుదేలిన మనిషి ఆమె. 1934లో 1,400 ఎకరాల కొండను లీజుకి తీసుకుని, కాపలాకి మారిస్ బ్రౌన్, ఆయన భార్య ఇర్మాలను పెట్టింది. ఇర్మా దారి మొదట్లో నిలబడి తుపాకీ వాళ్ళను వెనక్కి పంపేది. మారిస్ పైన కూర్చుని డేగల్ని లెక్కపెట్టేవాడు. రెండో ప్రపంచయుద్ధపు రోజులు మినహాయిస్తే ఆ లెక్క నేటికీ నడుస్తోంది.

ఊరికే అంకెలు రాసుకుంటే ఏం లాభమని అడిగేవాళ్ళకి రేచెల్ కార్సన్ పుస్తకం ‘సైలెంట్ స్ప్రింగ్’లో జవాబుంది. 1935–39 మధ్య ఇక్కడ కనిపించిన బాల్డ్ ఈగిళ్ళలో 40 శాతం పిల్ల పక్షులు. 1955–59 నాటికి అవి 20 శాతమే. 1957లోనైతే 32 పెద్ద పక్షులకి ఒక్క పిల్ల. డీడీటీ అనే పురుగుమందు వల్ల గూళ్ళు ఖాళీ అవుతున్నాయన్న వాదనకి ఈ కొండ మీది కాగితాలు బలమిచ్చాయి. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. ఇప్పుడు బాల్డ్ ఈగిళ్ళు ఏటా వందల్లో కనిపిస్తున్నాయి.

అన్ని కథలూ ఇలా ముగియలేదు. అమెరికన్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ తగ్గుతూ వస్తోంది; దానికి ఒకే కారణమని తేలలేదు. పాత చెట్ల తొర్రలు తగ్గిపోయిన పొలాల్లో హాక్ మౌంటెన్ వాళ్ళు చెక్క గూళ్ళు కట్టి, ఎండాకాలంలో వాటిలో పిల్లలు ఎన్ని ఎగిరాయో చూస్తారు. కొండ మీద లెక్క ఆగస్టు 15 నుంచి డిసెంబరు 15 దాకా సాగుతుంది. నవంబరులో గోల్డెన్ ఈగిల్ వచ్చే వేళకి ఇక్కడ చలి కొరికేస్తుందట; లెక్కపెట్టేవాళ్ళు దుప్పట్లు కప్పుకునే ఆ వరసలు నింపుతారట.