పాపికొండల నీడలో

గోదావరి యనగానే మన డెల్టావారికి వరిచేలును, కొబ్బరితోటలును, కాలువగట్లును జ్ఞప్తికి వచ్చును. ఆ నది మన కాలువలలోనికి రాకముందు దట్టమైన యడవులగుండ, ఎత్తైన కొండల నడుమ నడచి వచ్చుచున్నదను సంగతి మనలో ననేకులకు పుస్తకములవలననే తెలియును. ఆ యడవులను, అందలి పల్లెలను కన్నులార చూడవలయునని మేము నలుగురు స్త్రీలము మాఘమాసమున రాజమహేంద్రవరమునుండి బయలుదేరితిమి. చూచినదియు, విన్నదియు సోదరీమణులకు నివేదించుచున్నాము.

గోకవరము దాటిన కొలదిసేపటికే మైదానము ముగిసి మన్యము మొదలగును. దారికిరువైపుల వెదురుపొదలు, ఇప్పచెట్లు, మద్దిచెట్లు కనబడసాగెను. మా మొదటి మజిలీ రంపచోడవరము. చూచుటకు చిన్న యూరే కాని దాని పేరు చరిత్రలో పెద్దది. కల్లుపై పన్నులను, మనసబుదారుని బలవంతపు వసూళ్లను సహింపలేక 1879లో ఈ సీమవారు తిరుగబడిరి. ఆ పిమ్మట 1882 నాటి మద్రాసు అడవుల చట్టము వచ్చి, కొండవారి పోడు సేద్యమునకు కట్టుబాట్లు పెట్టెను. 1922 మొదలు 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడపిన పోరాటమునకు ఈ కొండలే కోటలయ్యెను. ఈ కథలన్నిటికిని మూలమొక్కటే: అడవి యెవరిది?

మేము చేరిననాడు అచ్చట సంత. కొండరెడ్ల స్త్రీలు తెల్లవారకమునుపే బయలుదేరి, తట్టలు నెత్తిన బెట్టుకొని వచ్చిరి. వీరి మాతృభాష తెలుగే. వారి తట్టలలోనున్న వస్తువులను చూచి మాకు మిక్కిలి వింతయైనది. కొండచీపుళ్లు, చింతపండు, కుంకుడుకాయలు, కరక్కాయలు, తేనె, విస్తళ్లు కుట్టెడు అడ్డాకులు! ఇవి యన్నియు మన యింట నిత్యము వాడుకొనునవే కదా. మన యిల్లూడ్చు చీపురును, మన తలంటు కుంకుళ్లను ఏ చేతులు ఏరి తెచ్చినవో మన మెన్నడును తలచి యెరుగము. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ యిట్టి వస్తువులను కొని మన పట్టణములలో నమ్ముచున్నది.

చీపుళ్లమ్ముచున్న యొక వృద్ధురాలితో మేము చాలసేపు మాటలాడితిమి. వానకాలమున గింజలు నిండుకొన్నప్పుడు మామిడిటెంకలలోని జీడిని ఎండబెట్టి, దంచి, పారునీటిలో నానవేసి, వగరు పోయినపిదప అంబలి కాచుకొందురట. జీలుగుచెట్టు కల్లే కాక, దాని బోదెలోని పిండియు కరవునాడు ఆకలి తీర్చునట. ఏ దుంపను ఎన్నిమారులు కడుగవలయునో, ఏది విషమో, ఏది పథ్యమో ఆమె వ్రేళ్లమీద లెక్కించి చెప్పినది. అక్షరమెరుగని యామె చెంత మేము శిష్యురాండ్రవలె కూర్చుంటిమి.

"మీ యూరేది, అవ్వా?" యని యడిగితిమి.

"ఊరు నీళ్లలో పోయిందమ్మా. కొత్త ఊళ్లో ఇల్లు ఇచ్చారు. డాబా ఇల్లే, కరెంటుంది, పిల్లలకు బడి దగ్గరైంది. కానీ నాకు తెలిసిన చెట్టు ఒక్కటీ అక్కడ లేదు. కోడలికి ఏం చూపించను?"

ఆ మాటకు మాలో నెవ్వరును బదులు చెప్పలేకపోయితిమి.

మరునాడు మారేడుమిల్లి చేరితిమి. అది రాజమహేంద్రవరమునకు సుమారు 85 కిలోమీటర్ల దూరమున నున్నది. అచ్చటి అడవిలో మధ్యాహ్నమునందును చల్లని నీడయే. కొమ్మనుండి కొమ్మకు దుముకుచున్న బెట్టుడుతను, త్రోవకడ్డముగా పరువెత్తిన అడవికోళ్లను చూచితిమి. పులి, చిరుత, ఎలుగు, కణుజు, దుప్పి, అడవిదున్న ఈ సీమయందలి జంతువులు. పాపికొండల వనమును 1978లో అభయారణ్యముగాను, 2008లో జాతీయవనముగాను ప్రకటించిరి. వనవిస్తీర్ణము 1012 చదరపు కిలోమీటర్లకు పైబడినది. ఆంగ్లేయులు ఈ శ్రేణిని అడవిదున్నల కొండలని పిలుచుచుండిరి. 1941లో హైమెండార్ఫ్ అను పరిశోధకుడు భార్యతోకూడ వచ్చి, కొండరెడ్ల నడుమ తిరిగి, వారి జీవితమునుగూర్చి 1945లో నొక గ్రంథము ప్రకటించెను.

ఆ వృద్ధురాలి మాట మనసును వీడకుండుటచే, తిరుగుప్రయాణమున గండి పోచమ్మ గుడివద్ద లాంచి యెక్కి నదిమీద పోతిమి. పోను పోను కొండలు దగ్గరపడి, స్త్రీ తలలోని పాపిటవలె నది సన్నని త్రోవయగును. పాపిటకొండలే పాపికొండలైనవని కొందరు చెప్పుదురు. ఆ సౌందర్యము వర్ణనాతీతము. అయినను దేవీపట్నము ప్రాంతమున జనులు విడిచిపోయిన యిండ్ల మొండిగోడలను చూచునప్పటికి మా సంతోషము సగమయ్యెను.

దిగువను పోలవరమువద్ద కట్టుచున్న జలాశయమునకు పూర్తి నీటిమట్టము 45.72 మీటర్లు. దానివలన లక్షకు పైబడిన కుటుంబములు స్థానభ్రష్టములగునని లెక్క. వీరిలో గిరిజనులు పెక్కుమంది. 2021లో నదికడ్డముగా వేసిన మట్టికట్ట వెనుక నీరు నిలిచి దేవీపట్నపు పల్లెలను ముంచెను. 2022 జులైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటెను.

నీరు వలదని మేమనజాలము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసినది మొదలు ఆ నీటితో పండిన యన్నమే మన కంచములలోనికి వచ్చుచున్నది. కావుననే ఈ ఋణము మన మెరుగవలయును. ఇంటికి ఇల్లు, భూమికి భూమి చట్టము చెప్పగలదు. అత్త కోడలికి చూపెడు చెట్టునకు వెలకట్టు చట్టమేది? ఊరినంతను విడదీయక యొక్కచోట నుంచుట, అడవి యంచున నుంచుట, నీరు రాకముందే యన్నియు సమకూర్చుట యను మూడును జరిగినచో నా విద్యలో కొంతయైనను నిలుచును.

సోదరీమణులారా! వీలున్నచో మీ బిడ్డలను ఈ సీమకు తీసికొని పోయి చూపుడు. కొండలను మాత్రమే చూచి మరలక, సంతలో కూర్చున్న యమ్మలతో మాటలాడుడు. వారి వస్తువులను బేరమాడి తగ్గింపక కొనుడు. వారు చెప్పు మాటలను వ్రాసియుంచుడు.