చిన్నాయన వీడియో గేమ్ పెట్టె

మా తిరునిన్రవూరు ఇంట్లో చిన్నాయన చిన్నప్పటి వీడియో గేమ్ పెట్టె ఉంది. 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్‌కు నకలు. అదే 60 పిన్నుల క్యాసెట్టు పడుతుంది.

"పిల్లకాయలు ఆడాల. కానీ డబ్బాకి తూటు పెట్టొద్దమ్మా, మీ తాత కొనిచ్చింది" అన్నాడు.

ఆన్ చేస్తే దీపమే వెలగలేదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఒకసారికి ఒకటే మార్చి చూస్తాను. 7805 రెగ్యులేటర్ 5 వోల్టులు ఇయ్యాల, ఇయ్యలేదు. లోకల్ ట్రైన్లో మద్రాసు పోయి, రిచీ స్ట్రీట్‌లో కొత్తది తెచ్చి టంకం పెట్టాను. దీపం వెలిగింది, కానీ యాంటెనా దారిలో బొమ్మ మసక. అందుకే మాడ్యులేటర్‌కు ముందే వీడియో సిగ్నల్ తీసుకుని, ఒక ట్రాన్సిస్టర్‌తో బలమిచ్చి, పాత యాంటెనా సాకెట్‌కే కలిపాను. సౌండు వైరు చానెల్ స్విచ్ సందులోంచి వచ్చింది. తూటు పడలేదు.

నేను కన్నడ మీడియంలో చదివినదాన్ని. నా తెలుగంతా ఇంట్లో విన్నదే. మా పిల్లకాయలకు వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. ఇప్పుడు సాయంత్రమైతే చిన్నాయన పక్కన కూర్చుని "ఎగురు, వంగు, ఆగరా" అంటుంటాడు. వాళ్లూ తెలుగులోనే ఎదురు చెప్తారు.

మీ అటక మీద ఇట్లాంటిది ఉంటే పారేయకండి.