ధకారపు గీత

క్రిందటి యేఁటి అర్ధసంవత్సర పరీక్షయందు బాలుఁడొకఁడు "ధనము" అని వ్రాసినదానిని మేము "దనము" అని చదివి యొక మార్కు తగ్గించితిమి. ఆ యొక్క మార్కుతో నతఁడు తెలుఁగునఁ దప్పెను. కాగితములు పంచిన నాఁడు వాదింపక, అక్షరము క్రింది చిన్న గీతను వ్రేలితోఁ జూపి నిలుచుండెను. దానిని మేము సిరా మరక యనుకొంటిమి.

మా ఏర్పేడు మండలముననే తిరుపతి ఐ.ఐ.టి. యుండుటచేఁ గాఁబోలు, కంప్యూటరు అక్షరముల నెట్లు చదువునని మా విద్యార్థులు తఱచుగా నడుగుదురు. ఆ జవాబు వెదకుచుండఁగా నీ తగవే మరల నెదురయ్యెను.

యంత్రమునకు అక్షరము నల్లని గడుల గుంపు. లావుగా వ్రాసినను సన్నముగా వ్రాసినను అక్షర మొక్కటే గనుక, లావును తొలఁగించి నడిమి రేఖను మాత్రము నిలుపుదురు. అదియే అస్థిపంజరము. 1967లో హారీ బ్లమ్ అను నాతఁడు దీనిని ఎండుగడ్డి బీటితోఁ బోల్చెను: బీటి యంచుల నన్నిటను ఒక్కసారి నిప్పు పెట్టినచో, మంటలు సమవేగమున లోనికి వచ్చి యెచ్చట నెదురుపడి యాఱునో అచ్చటనే యా రేఖ. వేసవిలో బీళ్లు కాలుటఁ జూచిన మా పిల్లలకు దీనిని రెండవమాఱు చెప్పఁ బనిలేకపోయెను.

తరగతిలో గళ్లకాగితముపైఁ జేయించితిమి. అంచుగడులను పొర వెంబడి పొరగాఁ జెఱపవలెను. చెఱపినచో అక్షరము తెగిపోవు గడిని, కొనగడిని ముట్టరాదు. 1984లో జాంగ్, స్యూన్ అనువారు ప్రకటించిన పద్ధతియు నించుమించు నిట్టిదే. మిగిలిన రేఖలో ఒక్క పొరుగు గలది కొన, మూఁడు గలది కూడలి. సిరా నిండిన సున్న మాత్రము వలయము గాక చుక్కయై మిగులును.

చిక్కంతయుఁ గొమ్మలలోఁ గలదు. అంచున బొడిపె యున్నచో రేఖకు అనవసరపుఁ గొమ్మ పుట్టును. అందుచేఁ బొట్టికొమ్మలను గత్తిరింతురు. బాలుని యక్షరమును గళ్లపై దింపి, మూఁడు గడుల లోపలి కొమ్మలను గత్తిరింపఁగా మరకలతోఁ గూడ ధకారపు గీతయుఁ బోయెను! కొలఁదిని రెండు గడులకుఁ దగ్గింపఁగా గీత నిలిచెను, మరక యొకటియు నిలిచెను. ఎంత కొలఁది యుంచవలెనో గళ్లు చెప్పవు. మా కంటికిఁ గల కొలఁది యెంతయో మేమెన్నఁడును విచారింపలేదు.

1977లోనే రాజశేఖరన్, బి. ఎల్. దీక్షితులు గారలు అచ్చు తెలుఁగక్షరములను యంత్రము గుర్తించు పద్ధతిని ప్రకటించిరి. కాని అచ్చు వేఱు, బాలుర చేతివ్రాత వేఱు.

అతని తక్కిన పుటలను మరలఁ జూచితిమి. "అధికారి", "విధము" అను మాటలందును గీత యచ్చోటనే, యంతే పొడవున నుండెను. మార్కు నిచ్చి పట్టీలో దిద్దితిమి. తక్కినవారి కాగితములను గూడ నాఁడే మరల నడిగి తీసికొంటిమి.