శాన్ మికేలే ద్వీపము

వెనిస్ నగరమునకు ఉత్తరమున, జలమధ్యమున, ఇటుక ప్రాకారముతో శాన్ మికేలే యను శ్మశానద్వీపము కలదు. అందొక సమాధిపై నర్తకీనర్తకులు పూవులకు బదులు తమ నాట్యపాదుకల నుంచి పోవుదురు. అది రష్యాదేశీయుఁడగు సెర్గీ ద్యాగిలెవ్ సమాధి.

సోదరీమణులారా! ఆయన ప్రసిద్ధుఁడైనది నర్తకుఁడుగాఁ గాదు, చిత్రకారుఁడుగాను గాదు. 1909లో పారిస్‌లో తన బాలే ప్రదర్శనల నారంభించి, నిజిన్‌స్కీ నాట్యమును, స్ట్రావిన్‌స్కీ సంగీతమును, పికాసో చిత్రరచనను రంగస్థలమునకుఁ దెచ్చిన సూత్రధారి యాయన.

1929లో వెనిస్‌లో మరణించునాఁటికి చేత ధనము లేదు. స్నేహితురాండ్రే ఉత్తరక్రియల వ్యయమును భరించిరి. ఆయనతోడనే బృందము విచ్ఛిన్నమయ్యెను. అయినను అందు కృషి సల్పిన నినెట్ డ వల్వా లండనులోను, బాలంచిన్ న్యూయార్కులోను నూతన బాలే సంస్థలను నెలకొల్పిరి. 1971లో స్ట్రావిన్‌స్కీయు ఆ ద్వీపమునకే చేరి, తన్ను లోకమునకుఁ జూపినవాని చెంత విశ్రమించెను.