తిత్లీ వారంలో వచ్చిన నోటీసు

తిత్లీ తుఫాను గురించి మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎవరిని అడిగినా చెప్తారు. కొబ్బరి పోయింది, జీడి పోయింది, ఇంటి కప్పు లేచిపోయింది, పాతికేళ్లు వెనక్కి పోయాం అంటారు. అన్నీ నిజమే. నేను చెప్పబోయేది వాటి ముందు చాలా చిన్న నష్టం. అందుకే అప్పట్లో ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేదు. తోట మొత్తం నేలకూలినవాడి దగ్గర నిలబడి, నాకు కంప్యూటర్ గేమ్ పోయిందని ఏ మొహంతో అంటాం?

మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గర ఊరు. అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పనికి వెళ్లేది. నేను టెక్కలిలో ఇంజినీరింగ్ చదివాను. అక్కడ పరిచయమైన స్నేహితుడొకడు ప్రోగ్రామింగ్‌లో గట్టివాడు. మా చెల్లికి బొమ్మలు బాగా వచ్చు. మేం ముగ్గురం కలిసి ఒక విదేశీ గేమ్‌ని తెలుగులోకి తెచ్చే పని పెట్టుకున్నాం. ఆ గేమ్ పేరు ఇక్కడ రాయను. ఎందుకో చదివేకొద్దీ మీకే తెలుస్తుంది.

అది ఇద్దరంటే ఇద్దరు మనుషులు చేసిన గేమ్. వెనక పెద్ద కంపెనీ లేకుండా ఇలా చేసేవాటిని ఇండీ గేములంటారు. ఒక పాత్రలోకి మనం దూరి ఊరూరూ తిరుగుతూ, కనిపించినవాళ్లతో మాట్లాడుతూ కథ నడిపించుకుపోవాలి. కత్తి తిప్పడం తక్కువ, మాటలు ఎక్కువ. అమెరికాలో టోబీ ఫాక్స్ 2015లో తెచ్చిన అండర్‌టేల్, ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగున్నరేళ్లు కూర్చుని చేసి 2016లో వదిలిన స్టార్‌డ్యూ వ్యాలీ ఇండీ గేములే. అండర్‌టేల్ అధికారికంగా వచ్చింది ఇంగ్లిష్, జపనీస్ భాషల్లోనే. మిగతా దేశాల పిల్లలు అభిమానులు చేసుకున్న అనువాదాలతో ఆడారు. మేమూ ఆ దారే పట్టాం.

మా గేమ్‌లో సముద్రం ఒడ్డున ఒక ఊరు. వేటకెళ్లిన తండ్రి తిరిగి రాడు. కూతురు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. చెల్లి ఆడుతుంటే నేను పక్కన కూర్చుని ఇంగ్లిష్ మాటల్ని మన యాసలో చదివి చెప్పేవాణ్ని. అమ్మ పొయ్యి దగ్గర్నుంచే వినేది. "ఏటయినాదిరా, ఆ గుంటకి అయ్య దొరికినాడా నేదా?" అని అడిగేది. ఒకరోజు వినడానికి రాలేకపోతే పక్కింటి అత్త కూడా అడిగేది. అనువాదం అక్కడ మొదలైంది.

పని మాత్రం అనుకున్నంత తేలిక కాలేదు. ఆ గేమ్‌ని ఆర్‌పీజీ మేకర్ ఎంవీ అనే జపాన్ సాఫ్ట్‌వేర్‌తో చేశారు. సంభాషణలన్నీ డేటా అనే ఫోల్డర్‌లో ఉంటాయి, తెరిచి మార్చుకోవచ్చు. మార్చాం. గేమ్ పెట్టి చూస్తే తెర నిండా చుక్కల సున్నాలు. ఆ సాఫ్ట్‌వేర్ సంభాషణని ఒక్కో సంకేతం చొప్పున గీస్తుంది. ఇంగ్లిష్‌కి అది అందంగానే ఉంటుంది. మన 'కి' కంప్యూటర్‌కి ఒక అక్షరం కాదు, 'క' ఒకటి, గుడి ఒకటి. విడివిడిగా గీసేసరికి గుడి వచ్చి 'క' పక్కన ఒక చుక్కల సున్నా నెత్తిన కూర్చుంటుంది. ఒత్తులైతే కిందకి దిగనే దిగవు. 'అమ్మ' అనే మాట చదవడానికి రాలేదు. టెక్కలివాడు రాత్రుళ్లు కూర్చుని, గుణింతాన్నీ ఒత్తునీ అక్షరంతో కట్టేసి ఒకేసారి గీయించే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. తర్వాత ఇంకో తిప్పలు. మాటల పెట్టెలో నాలుగు వరుసలు పడతాయి. వరుస ఎత్తు ఇంగ్లిష్ అక్షరానికి సరిపడా కొలిచింది. మన ఒత్తులు కింద తెగిపోయేవి. అక్షరం చిన్నది చేస్తే అమ్మకి కనపడదు. చివరికి మూడు వరుసలకి దిగాం. అంటే ప్రతి సంభాషణా మళ్లీ కుదించాలి. ఇంత కష్టమూ డబ్బు కోసం కాదు. ఎందుకు చేశామని ఇప్పుడడిగితే నా దగ్గర మంచి జవాబు కూడా లేదు.

నియమాల సంగతి చెప్పాలి. గేమ్ చేసిన ఆ ఇద్దరూ తమ అభిమానులు ఏం చేసుకోవచ్చో, ఏం చేయకూడదో రాసి పెట్టారు. బొమ్మలు గీసుకోవచ్చు. ఆడుతూ వీడియోలు తీసి పెట్టుకోవచ్చు, వాటి మీద ప్రకటనల డబ్బు వస్తే తీసుకోవచ్చు. అనువాదం చేసుకోవచ్చు, కానీ ఉచితంగా ఇవ్వాలి. అసలు గేమ్ ఫైళ్లు పంచకూడదు, తెలుగు మాటలున్న ప్యాచ్ మాత్రమే ఇవ్వాలి, గేమ్ కొన్నవాళ్లే దాన్ని తగిలించుకోవాలి. అనధికారికం అని పైన రాయాలి. అనువాదం పేరు మీద ఏ రూపంలోనూ డబ్బు వసూలు చేయకూడదు. మంచి నియమాలే. ఇంత స్పష్టంగా రాసినవాళ్లు తక్కువ. అయినా మేం ముందుగా ఉత్తరం రాసి అడిగాం. కానివ్వండి, తెలుగు ఎలా ఉంటుందో చూడాలని మాకూ ఉంది అని వాళ్లే జవాబిచ్చారు. రెండు అంకాల ప్యాచ్ బయట పెట్టాం. మూడో అంకం పరీక్ష కోసం కొంతమంది ఆటగాళ్లకి మాత్రం పంపాం. పక్కనే చిన్న వీడియో ఛానెల్. అందులో చెల్లి ఆడేది, నేను పాత్రలకి గొంతిచ్చేవాణ్ని.

2018 అక్టోబరు 11 తెల్లవారకముందు తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి, విసురు 165 దాకా అన్నారు వాతావరణ శాఖవాళ్లు. 2013లో ఫైలిన్‌ని, 2014లో హుద్‌హుద్‌ని చూసిన ఊరే మాది. గాలంటే భయపడని ముసలివాళ్లు కూడా ఆ రాత్రి మంచాల కింద దూరారు. మా వరండా రేకులు ఎగిరిపోయాయి. లోపలి గదిలో పెంకు లేచిపోయి, బీరువా మీద పెట్టిన లాప్‌టాప్ మీద వాన నేరుగా పడింది. అందులోనే మూడో అంకం, చెల్లి సేవ్ ఫైళ్లు. అప్పుడు దాన్ని ఎవరూ చూడలేదు. నాన్న గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. తెల్లారి బయటికొస్తే కొబ్బరి చెట్లు మొవ్వులు తిరిగిపోయి ఉన్నాయి, జీడి చెట్లు వేళ్లతో సహా బోర్లా పడి ఉన్నాయి. "తాత ముత్తాతల నాటి సెట్లురా, ఇంక మన జన్మలో నేవు" అన్నాడు నాన్న. ఆ తర్వాత చాలా రోజులు మాట్లాడలేదు.

కరెంటు స్తంభాలు దారి పొడుగునా పడిపోయాయి. ఫోన్ టవర్లు మూగబోయాయి. బోర్లు ఆడవు కాబట్టి నీళ్లు లేవు. జనరేటర్ పెట్టినవాళ్ల దగ్గర డబ్బులిచ్చి ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకునేవాళ్లు. అప్పటి ముఖ్యమంత్రి పలాసలోనే మకాం వేశారు. ఇతర జిల్లాల నుంచి లైన్‌మెన్లు వచ్చి పగలూ రాత్రీ పనిచేశారు. అయినా మా లాంటి ఊళ్లకి కరెంటు రావడానికి వారాలు పట్టింది.

నాకు వేరే పని పడింది. మా పెదనాన్నకి కిడ్నీలు పాడయ్యాయి, డయాలిసిస్ మీద ఉన్నాడు. ఉద్దానంలో ఇది వింత కాదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా వీధికి ఇద్దరు ముగ్గురున్నారు. ఎందుకొస్తుందో శాస్త్రవేత్తలు ఇప్పటికీ తేల్చి చెప్పలేదు. తుఫాను వచ్చిందని ఒంట్లో విషం ఆగదు కదా. పలాసకి మామూలుగా అరగంట దారి. ఆ వారం రోడ్డంతా చెట్లే. బైక్ మీద ఆయన్ని కూర్చోబెట్టుకుని, వెనక నుంచి తమ్ముడు పట్టుకుని, కొమ్మలు కొట్టించుకుంటూ, కొన్నిచోట్ల బండి ఎత్తి దాటించుకుంటూ తీసుకెళ్లాం. కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. "నన్నొగ్గియ్యండ్రా, తోటెలాగూ ఎలిపోనాది" అనేవాడు దారంతా.

అదే వారంలో టెక్కలివాడికి ఒకచోట సిగ్నల్ దొరికింది. మా ప్యాచ్ పెట్టిన పేజీలో కింద ఒక లైను రాశాడు: ఉద్దానం మునిగిపోయింది, చేతనైనంత సాయం చేయండి అని, తన బ్యాంకు ఖాతా నంబరుతో. ఎక్కడెక్కడి తెలుగువాళ్లో, హైదరాబాద్ నుంచీ గల్ఫ్ నుంచీ, వందా రెండొందలూ పంపారు. ఆ డబ్బుతో బరకాలు, కొవ్వొత్తులు, బియ్యం కొని మా వీధికీ పక్క మత్స్యకార ఊరికీ పంచాం. ప్రతి రూపాయికీ లెక్క రాశాడు వాడు. నేను అప్పుడూ తప్పనలేదు, ఇప్పుడూ అనను.

గేమ్‌వాళ్ల పేరు మీద నోటీసు నా మెయిల్‌కి వచ్చింది. అనువాదం అడ్డం పెట్టుకుని డబ్బు వసూలు చేస్తున్నారు, ఏడు రోజుల్లో జవాబివ్వకపోతే చర్య తీసుకుంటాం అని. ఆ ఏడు రోజులూ నేను ఎక్కడున్నానో పైన రాశాను. పలాసలో కరెంటు వచ్చాక, ఆసుపత్రి బయట ఫోన్ ఛార్జింగ్ పెట్టి మెయిల్ తెరిచేసరికి గడువు దాటిపోయింది. ప్యాచ్ పేజీ లేదు. వీడియోలన్నిటి మీదా విడివిడిగా ఫిర్యాదులు పడి ఛానెల్ మూతపడింది. మేం గేమ్ కొన్న ఖాతాకి కూడా తాళం వేశారు. ఆటగాళ్లు రాసిన వందల మాటలు, 'మా అమ్మమ్మ కూడా విన్నది' లాంటివి, వాటితో పాటే పోయాయి.

ఇక ప్లేయర్ సపోర్ట్‌తో నా పోరాటం. గేమ్ బాగా అమ్ముడుపోయాక ఆ ఇద్దరూ ఆటగాళ్ల ఫిర్యాదులు చూసే పని వేరే సంస్థకి అప్పగించారని నాకు తర్వాత తెలిసింది. ఉత్తరం రాస్తే టికెట్ నంబరు వస్తుంది. జవాబు వస్తుంది, కానీ మనిషి రాసినట్టుండదు. ఖాతా నాదేనని రుజువు కావాలన్నారు. కొన్న రసీదు పంపమన్నారు. గేమ్ కొన్నది టెక్కలివాడి మావయ్య కార్డుతో, ఆయన మస్కట్‌లో ఉన్నాడు. పాత కంప్యూటర్‌లో గేమ్ తెరిచి స్క్రీన్‌షాట్ పంపమన్నారు. ఆ కంప్యూటర్ బియ్యం డబ్బాలో ఆరుతోందని రాశాను. మీ సమస్య పరిష్కారమైందని భావించి టికెట్ మూసేస్తున్నాం అని వచ్చింది. మళ్లీ తెరిచాను. వాతావరణ శాఖ ప్రకటన, మా ఊరి ఫోటోలు, పత్రికల్లో వచ్చిన వార్తలు పంపాను. మీ ప్రాంతంలో జరిగినదానికి చింతిస్తున్నాం, నియమం అందరికీ ఒక్కటే అన్నారు. నిజానికి నాకు కోపం తెప్పించింది నియమం కాదు. డబ్బు అడగకూడదని ఉంది, మేం అడిగాం. ఎవరి కోసం అడిగామో, గడువులోపల ఎందుకు పలకలేదో చదివే మనిషి ఒక్కడూ లేడు. అదీ బాధ.

చెల్లి ఆ రోజుల్లో ఒక మాట అంది. "అన్నయ్యా, గేమ్‌లో ఆ పిల్ల ఊరు ఊరంతా తిరిగి అడుగుతాది, ఎవరో ఒకలు జవాబు చెప్తారు గదా." నేనేం చెప్పలేకపోయాను.

చివరికి దారి దొరికింది సోంపేట నుంచి వెళ్లి డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒకాయన వల్ల. మా ప్యాచ్‌తో వాళ్ల పిల్లలు ఆడుతున్నారట. హఠాత్తుగా మాయమైందేమని మా ఆచూకీ పట్టుకుని ఫోన్ చేశారు. విషయమంతా విని, సపోర్ట్ సంస్థని వదిలేసి, గేమ్ చేసిన ఇద్దరికీ నేరుగా రాశారు. మొదట్లో వాళ్లు మాకిచ్చిన అనుమతి ఉత్తరం కూడా జత చేశారు. 2019 వేసవికి ముందు వాళ్ల నుంచి నాకు జవాబు వచ్చింది. అది మనిషి రాసిందే. మాకు ఏమీ తెలియదు, మా పేరు మీద ఇది జరగకుండా ఉండాల్సింది అన్నారు. ఖాతా తెరిచారు. ప్యాచ్ పేజీ వెనక్కి ఇచ్చారు, ఆ సాయం లైను మాత్రం తీసేయమన్నారు. తీసేశాం. నియమాల్లో రెండు మాటలు కలిపారు: సాయం కోసం చందాలు అడగాలంటే ముందు తమకి ఒక మాట రాయాలి, ప్రకృతి వైపరీత్యంలో చిక్కుకున్నవాళ్లకి జవాబు గడువు పెంచుతారు. వీడియో ఛానెల్ మాత్రం రాలేదు. అది వాళ్ల చేతిలో లేదు, ఆ వేదికవాళ్లు ఈనాటికీ పలకలేదు.

లాప్‌టాప్ బతకలేదు. శ్రీకాకుళంలో ఒకతను డిస్క్ విప్పి చూసి, ఉప్పు నీటి గాలి తినేసిందని చెప్పాడు. టెక్కలివాడి దగ్గర అక్షరాలు కట్టే ప్రోగ్రామూ, మొదటి రెండు అంకాలూ ఉన్నాయి. మూడో అంకం లేదు. పెదనాన్న 2020లో పోయాడు. చెల్లి ఇప్పుడు విశాఖలో ఉద్యోగం చేస్తోంది. ఆ గేమ్ పేరు నేను రాయకపోవడానికి కారణం ఇదే. గేమ్ చేసిన ఆ ఇద్దరి మీద నాకు ఫిర్యాదు లేదు, పేరు చెప్తే జనం నింద వాళ్ల మీదే వేస్తారు.

2018 సెప్టెంబరులో మా మూడో అంకం పరీక్ష ప్యాచ్ దించుకున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మనవి. మీ పాత కంప్యూటర్‌లో ఆ ఫోల్డర్ ఇంకా ఉందేమో చూడండి. అందులో డేటా అనే ఫోల్డర్ ఒక్కటి చాలు. తుడిచేయకుండా ఈ పత్రికకి ఒక కార్డు ముక్క రాయండి, నేనే వచ్చి తీసుకుంటాను.