పాప కాళ్ళకి పట్టీలు

అమలాపురంలో మా మేనకోడలు ఎదురుకాళ్ళతో పుట్టింది. ఆరో వారంలో స్కానింగ్ తీస్తే ఎడమ తుంటి బంతి గిన్నెలో సరిగ్గా కూర్చోలేదని తేలింది. డాక్టరు గారు పావ్లిక్ హార్నెస్ వేశారు. భుజాల నుంచి పాదాల దాకా మెత్తటి పట్టీలు, కాళ్ళు కప్పలా మడిచి, ఎడంగా. చూడ్డానికొచ్చినవాళ్ళంతా "అయ్యో, ఆడపిల్ల, కాళ్ళు వంకరా?" అని మొదలెట్టారు.

నీళ్ళు పోసే మామ్మగారైతే "నాలుగు రోజులు నాకొదిలేయండి, నూనె రాసి సాగదీస్తే అవే తిన్నగా అవుతాయి" అన్నారు. అసలు చెయ్యకూడనిదే అది! కాళ్ళు తిన్నగా లాగి గట్టిగా చుట్టేస్తే బంతి బయటికి జారే ప్రమాదం ఉంది. మడిచి ఎడంగా ఉంచితే లోపల కుదురుకుంటుంది, దాని చుట్టూ గిన్నె లోతుగా పెరుగుతుంది. చెక్ డాక్టరు ఆర్నాల్డ్ పావ్లిక్ 1940ల్లోనే పట్టుకున్న కిటుకు ఇది.

మనకేమన్నా కొత్తా? చంకనెత్తుకున్న పిల్ల కాళ్ళు ఉండేది ఇలాగే కదా! మామ్మగారికి అదే చెప్పాను: "రోజంతా చంకలో ఉన్నట్టే అనుకోండి." ఆవిడ మళ్ళీ సాగదీస్తానంటే ఒట్టు.

మన భాషలో చెప్పాలంటే, బగ్ ఎంత ముందు దొరికితే అంత చవక. ఆరు నెలల్లోపైతే చాలామందికి పట్టీలతోనే సరిపోతుంది. నడకొచ్చాక కుంటుతోందని వెళ్తే ఆపరేషన్ దాకా పోవచ్చు. మీ ఇంట్లో ఎదురుకాళ్ళతో పుట్టిన పాప ఉంటే ఒకసారి తుంటి చూపించండి. వెండి పట్టీలు తర్వాతైనా పెట్టుకోవచ్చు.