గుడారానికి అంత అద్దె ఎందుకు?

"ఫైవ్ స్టార్ హోటల్లో ఉండగలిగిన డబ్బు పోసి గుడ్డ గుడారంలో పడుకుని వచ్చావా?" కెన్యా నుంచి తిరిగొచ్చాక ఈ ప్రశ్న అడగని సహోద్యోగి లేడు. అడగడం సబబే. మనిషికి రాత్రికి కొన్ని వందల డాలర్లు, రిజర్వు లోపలికి వెళ్తే ప్రవేశ రుసుము అదనం. మన సాఫ్ట్‌వేరు వాళ్ళకి ప్రతిదానికీ బ్రేకప్ కావాలి కదా! నాకు అర్థమైనంతలో ఆ బ్రేకప్ ఇది.

ముందు చోటు గురించి. మాసాయి మారా నేషనల్ రిజర్వు కెన్యాకి నైరుతి మూల, టాంజానియా సరిహద్దుని ఆనుకుని ఉంటుంది. వైశాల్యం సుమారు 1,510 చదరపు కిలోమీటర్లు. సరిహద్దుకి అవతల సెరెంగెటి. మధ్యలో కంచె లేదు కాబట్టి పది లక్షలకి పైగా విల్డెబీస్టులు (గేదెకీ గుర్రానికీ మధ్యరకంగా కనిపించే ఒక జింకజాతి) ఏటా వీసా గొడవ లేకుండా అటూ ఇటూ తిరుగుతుంటాయి. గొడవంతా మనకే. 2024 నుంచి కెన్యాకి ముందే ఆన్‌లైన్లో అనుమతి తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాదులో అయితే నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజులు క్వారంటీన్లో కూర్చోబెట్టగలరు.

నైరోబీలోని విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి బుల్లి విమానం. సామాను 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో ఉండాలి. ఆవకాయ జాడీలకి చోటు లేదన్నమాట. దిగేది మట్టి స్ట్రిప్పు మీద. రన్‌వే మీద జీబ్రాలు మేస్తుంటే ఎవరో ఒకరు జీపేసుకుని వెళ్ళి తోలిన తర్వాతే విమానం దిగుతుంది.

మా క్యాంపు రిజర్వులో కాదు, దానికి ఉత్తరాన ఉన్న ఒక కన్సర్వెన్సీలో. ఆ మాట గుర్తుపెట్టుకోండి, అసలు కథ దానిదే. చెక్క వేదిక మీద ఖాకీ కాన్వాసు గుడారం. లోపల మంచం, బల్ల, ఒక దీపం. స్నానానికి బకెట్ షవరు: గుడారం వెనకాల ఒకబ్బాయి కట్టెల మీద కాచిన నీళ్ళు తెచ్చి, సంచిలో పోసి, తాడుతో పైకి లాగి, "వేణ్ణీళ్ళు రెడీ" అని కేకేస్తాడు. ఆ బకెట్ అయిపోయేలోగా సబ్బు కడుక్కోవాలి. కరెంటు సోలారుది. ఫోను ఛార్జింగుకి అందరూ భోజనాల గుడారానికి వెళ్ళాల్సిందే. భూమధ్యరేఖకి దగ్గరే అయినా మారా సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంది. రాత్రి చలికి పక్కలో వేడినీళ్ళ రబ్బరు సంచి పెడతారు. ముందుగా చెప్పకపోతే చీకట్లో దానికి కాలు తగిలి ఎవరైనా కెవ్వుమంటారు.

రూల్స్ మూడే. గుడారంలో తిండి పెట్టుకోకూడదు. జిప్పు ఎప్పుడూ వేసే ఉంచాలి (కోతులు శ్రీశైలంలోనే కాదు, అక్కడా అంతే). చీకటి పడ్డాక ఒంటరిగా అడుగు బయట పెట్టకూడదు. టార్చి ఊపితే అస్కారి వస్తాడు. అస్కారి అంటే స్వాహిలీలో కాపలాదారు. మూలాలు తవ్వితే మన సికింద్రాబాదు పాతపేరు 'లష్కర్'కి చుట్టమే ఈ మాట. ఎర్ర దుప్పటి కప్పుకుని, చేతిలో బల్లెంతో, భోజనాల దగ్గర్నుంచి మన గుమ్మం దాకా తెచ్చి దించి వెళ్తాడు.

క్యాంపు చుట్టూ కంచె లేదు. మొదటి రాత్రి రెండింటికి తల పక్కనే పరపరమని గడ్డి తెంపుతున్న చప్పుడు. నీటిగుర్రం. పగలంతా నదిలో పడుండి రాత్రిళ్ళు ఒడ్డెక్కి గడ్డి మేస్తుంది. దానికీ నాకూ మధ్య ఉన్నది ఒక్క మందపాటి గుడ్డ. దూరంగా సింహం అరుపు, అది ఎనిమిది కిలోమీటర్ల దాకా వినపడుతుందట. గుడారాన్ని జంతువులు ఒక పెద్ద బండరాయిలాగా లెక్కేస్తాయని, మనం లోపల కదలకుండా ఉన్నంతసేపూ ఏమీ కాదని అస్కారి ముందే చెప్పాడు. పొద్దున్నే అడుగుజాడలు చూసి ఎవరెవరు వచ్చి వెళ్ళారో హాజరుపట్టీ చదివినట్టు చదివేశాడు.

మనల్ని అక్కడ కాపాడేది గోడ కాదు, ఆ నేలని చదవగలిగిన మనిషి. బిల్లులో మొదటి పద్దు అతని చదువుకి.

రెండో పద్దు నేలకి. గైడుతో జీపులో వెళ్తుంటే ఒక చెట్టు చూపించి, "ఇక్కణ్ణుంచి ఆ వాగు దాకా మా నాన్నది, రఫికి" అన్నాడు. రఫికి అంటే స్నేహితుడా అని. అక్కడ చూస్తే రెండు జిరాఫీలు, బోలెడన్ని జింకలు. "మరి పట్టా?" అన్నాను. "పట్టా ఉంది, అద్దె కూడా వస్తుంది, ఫోనుకే" అన్నాడు. కెన్యాలో ఎమ్-పెసా వచ్చింది 2007లో, మన యూపీఐ కంటే తొమ్మిదేళ్ళ ముందు. అదీ బటన్ల ఫోన్లలో, ఎస్సెమ్మెస్‌లాంటి పద్ధతిలో. సింహాలు తిరిగే మైదానం అద్దె ఫోనులో జమ అవుతుందంటే మన ఫిన్‌టెక్ మీటింగుల్లో ఎవరూ నమ్మరేమో.

ఈ అద్దె వెనకాల చాలా చరిత్ర ఉంది. 1904, 1911 ఒప్పందాల పేరుతో బ్రిటిష్ వాళ్ళు మాసాయిలని ఉత్తరాన ఉన్న మంచి బీళ్ళ నుంచి దక్షిణానికి తరిమారు. 1959లో సెరెంగెటి పార్కు నుంచి అక్కడి మాసాయిలని ఖాళీ చేయించారు. ఆవులు మేపుకునేవాళ్ళు జంతువులకి అడ్డమని అప్పటి వాదన. అంతకు ముందు శతాబ్దాలుగా ఆ ఆవులూ ఈ జంతువులూ ఒకే గడ్డి తిన్నాయన్న సంగతి ఎవరికీ పట్టలేదు. స్వతంత్రం వచ్చాక, 1968 చట్టంతో మారా చుట్టుపక్కల భూములు 'గ్రూప్ రాంచ్'లనే ఉమ్మడి పట్టాలయ్యాయి. తర్వాత వాటినీ పంచుకున్నారు. ఎవరి వాటా వాళ్ళ చేతికొచ్చాక ఏం చేస్తారు? కంచె వేస్తారు, గోధుమ వేస్తారు, లేదా అమ్ముకుంటారు. మీరూ నేనూ మన ఊళ్ళో అదే చేశాం. కానీ మారా జంతువులకి రిజర్వు సరిపోదు. వాటి బతుకులో పెద్ద భాగం గీత అవతల ఈ పట్టా భూముల్లోనే గడుస్తుంది.

అక్కడే కన్సర్వెన్సీల ఆలోచన వచ్చింది. 2005 ప్రాంతం నుంచి పక్కపక్క పట్టాదారులు కలిసి, కంచె వెయ్యమనీ ఇళ్ళు కట్టమనీ ఒప్పుకుని, భూమిని క్యాంపుల వాళ్ళకి కౌలుకిస్తున్నారు. టూరిస్టు వచ్చినా రాకపోయినా అద్దె కట్టాలి. ఎన్ని ఎకరాలకి ఎన్ని గుడారాలన్నది ఒప్పందంలోనే ఉంటుంది. ఆవుల్ని వంతులవారీగా మేపుకోవచ్చు. మారా చుట్టూ ఇలాంటివి ఇప్పుడు ఇరవైకి పైగా ఉన్నాయి, అన్నీ కలిపితే దాదాపు రిజర్వంత. ఒక చిరుతపులి కనిపిస్తే రిజర్వులో పాతిక జీపులు మూగుతాయి, కన్సర్వెన్సీలో నాలుగైదుకి మించనివ్వరు. అంటే మన గుడారానికి పెట్టే డబ్బులో కొంత, అక్కడ కట్టని పక్క గుడారానికి కూడా అన్నమాట!

గుడారమే ఎందుకు, శుభ్రంగా గది కట్టొచ్చు కదా? కౌలు గడువు తీరితే మేకులు పీకి, గుడ్డ మడిచి, వెళ్ళిపోవాలి. ఒకట్రెండు వానల్లో గడ్డి మళ్ళీ మొలుస్తుంది. కాంక్రీటు పునాదికి అలా లేచిపోవడం రాదు. నా మట్టుకు నాకు గుడారంలో ఉన్న నీతి అదే: నేను ఇక్కడ అద్దెకున్నాను, ఇల్లు వేరేవాళ్ళది.

ఇదంతా చదివి అక్కడేదో రామరాజ్యం ఉందనుకోకండి. చాలా క్యాంపుల యజమానులు మాసాయిలు కారు. పట్టాలు ఎక్కువగా మగవాళ్ళ పేరునే ఉన్నాయి కాబట్టి అద్దె కూడా వాళ్ళ ఫోన్లకే. గైడు వాళ్ళమ్మ పూసల గొలుసులు అమ్ముకుంటే వచ్చిందే ఆమె సొంత డబ్బు. 2020లో కోవిడ్‌తో విమానాలు ఆగిపోతే టూరిస్టులు లేరు, చాలాచోట్ల అద్దెలో కోత పడింది. మన భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ఎక్కడో ఊహాన్‌లో మొదలైన జబ్బు, మారాలో ఒక రైతు కంచె వేసుకోవాలా వద్దా అన్నది తేల్చే పరిస్థితి. ఇక గుడారం అన్న పేరుంటే చాలు అంతా మంచిదే అనడానికీ లేదు. 2025లో ఒక పేరుమోసిన హోటల్ గొలుసు రిజర్వులోనే శాండ్ రివర్ దగ్గర విలాసవంతమైన 'టెంటెడ్ క్యాంప్' తెరిస్తే, అది జంతువులు దాటే దారికి అడ్డమని ఒక మాసాయి నాయకుడు కోర్టుకెక్కాడు. గుడారంలోనే స్విమ్మింగ్ పూలు ఉంటే దాన్ని ఇంకా గుడారమనే అనాలా?

రిజర్వు సంగతి వేరే. అది నరోక్ కౌంటీ ప్రభుత్వానిది. 2024లో పెంచాక విదేశీయులకి రోజుకి జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200. ఈ డబ్బు వెళ్ళేది కౌంటీ ఖజానాకి, పట్టాదారు ఫోనుకి కాదు.

అక్కడ కూర్చుని నాకు నల్లమల గుర్తొచ్చింది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రిళ్ళు బళ్ళు ఆపేస్తే విసుక్కునే మనకి, ఆ అడవిలో చెంచులు మనకంటే ముందునుంచీ ఉన్నారని గుర్తుండదు. పెద్దపులుల రిజర్వు వచ్చింది 1983లో. అడవి మీద అక్కడివాళ్ళ హక్కుని ఒప్పుకున్న చట్టం వచ్చింది 2006లో. చెంచులని కాపలాకి, పులి జాడలు తియ్యడానికి అటవీశాఖ పెట్టుకుంటోంది, సంతోషం. కానీ కూలీ వేరు, అద్దె వేరు. కూలీ తీసుకునేవాణ్ణి రేపట్నుంచి రావద్దనొచ్చు. అద్దె తీసుకునేవాణ్ణి అనలేం. మారా పద్ధతి నల్లమలకి కాపీ-పేస్టు అవదు. అక్కడున్నది సొంత పట్టా, ఇక్కడున్నది ప్రభుత్వ అడవి. అయినా మనం కొన్న సఫారీ టికెట్టులో చెంచు గూడెం వాటా ఎంత అన్న ప్రశ్నకి భాష అడ్డం రాదు.

కాబట్టి ఆఫ్రికా వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళకి నాదొక సలహా. బుక్ చేసేముందు సింహాలు గ్యారంటీయేనా అని అడక్కండి, గ్యారంటీ ఇచ్చేవాడు అబద్ధం చెప్తున్నట్టే. ఇవి అడగండి: ఈ నేల ఎవరిది? వాళ్ళకి అద్దె ఎంత, టూరిస్టులు లేని నెలలో కూడా ఇస్తారా? ఎన్ని ఎకరాలకి ఒక గుడారం? మీ గైడ్లు, మేనేజర్లు ఏ ఊరివాళ్ళు? మంచి క్యాంపు వాళ్ళు ఈ-మెయిలుకి రెండ్రోజుల్లో లెక్కలతో సహా జవాబిస్తారు. మిగతావాళ్ళు సూర్యాస్తమయం ఫొటోలు పంపిస్తారు. ఆ ఫొటోలొస్తే ఇంకో క్యాంపు వెతుక్కోండి.